అతిథిశాల మీద కట్టిన కోట

జపాను కోట అనగానే మన మనస్సున మెదలునది ఒక తెల్లని సౌధము. రాతికట్టు మీద అంతస్తుపై అంతస్తుగా లేచి, చూరులను రెక్కలవలె చాచి నిలిచిన హిమేజీ కోట చిత్రమును పుస్తకములలో చూచినవారు మనలో పలువురు. అట్టి సౌధమును చూతమను కోరికతో ఫుకుఓకా నగరమునకు పోవువాడు ఆశాభంగము పొందక తప్పదు. అక్కడి కోటలో సౌధము లేదు. అది నిలువవలసిన చోట ఒక రాతిపీఠము మాత్రము ఉన్నది. ఆ పీఠము నడుమ గుంటలో పునాదిరాళ్లు వరుసలు తీరి ఉన్నవి. వాటి మీద ఏమి నిలిచినదో, అసలు ఏమైనను నిలిచినదో లేదో అను విషయమున పండితులు నేటికిని ఏకాభిప్రాయమునకు రాలేదు. నాలుగువందల యేండ్లుగా ఖాళీగా పడియున్న ఆ పీఠమును చూచుటకే నేను ఒక జూలై నెలలో అక్కడికి పోయితిని. పోయిన పిమ్మట తెలిసినది, ఆ గుట్ట మీద ముఖ్యముగా చూడవలసినది పైన లేదు, అడుగున ఉన్నదని.

ఫుకుఓకా, జపాను నాలుగు ప్రధానద్వీపములలో నైరృతి కొసనున్న క్యూషూకు పెద్ద నగరము. జనసంఖ్య 16 లక్షలకు పైబడినది. నగరమునకు ఉత్తరమున హకతా అఖాతము కలదు. ఆ అఖాతము దాటి సముద్రము మీద సుమారు 200 కిలోమీటర్లు పోయినచో కొరియా రేవుపట్టణమగు పుసాను తగులును. టోక్యో ఇంతకు నాలుగింతల దూరము. ప్రాచీనకాలమున పరదేశముల నుండి జపానుకు వచ్చిన రాయబారులు, వర్తకులు, భిక్షువులు, శత్రువులు, వీరిలో చాలమంది ముందుగా చూచినది ఈ తీరమునే. ఈ మాటను మనస్సున ఉంచుకొననియెడల ఈ కోట కథ అర్థము కాదు.

ఆ నగరమున ఉపాధ్యాయుడుగా ఉన్న ఒక జపనీయ మిత్రుడు నాకు తోడు వచ్చెను. ఆయన నన్ను తిన్నగా కోటకు తీసికొనిపోక, ముందుగా దాని ప్రక్కనున్న ఓహోరి ఉద్యానమునకు తీసికొనిపోయెను. నడుమ విశాలమైన చెఱువు, చుట్టును నడకదారి, చెఱువు మీద వంతెనలతో కలిపిన చిన్న లంకలు. చల్లని ప్రొద్దున ముసలివారు నడచుచుండిరి, పడుచువారు పరుగెత్తుచుండిరి. ఇది త్రవ్వించిన చెఱువు కాదని మిత్రుడు చెప్పెను. పూర్వము సముద్రము ఇంతదూరము లోపలికి చొచ్చుకొని వచ్చెడిది. కోట కట్టినవారు ఆ సముద్రపు పాయను పడమటి దిక్కున అగడ్తగా మార్చుకొనిరి. 1927 లో ఇక్కడ ఒక గొప్ప పారిశ్రామిక ప్రదర్శనము జరిగెను. దాని వెనుక 1929 లో అగడ్త ఉద్యానమైనది. చైనా దేశపు హాంగ్‌చౌ నగరమునందలి పడమటి సరస్సును చూచి దీనిని తీర్చిరట.

అక్కడినుండి తూర్పుగా నడచినచో మైజురు ఉద్యానము. 'మైజురు' అనగా నాట్యమాడు కొంగ. కోటకు అది మారుపేరు. ఉత్తరపు అగడ్తలో తామరాకులు నీరు కనరాకుండ పరచుకొని, వాటి నడుమ గులాబిరంగు పూవులు తలలెత్తి ఉన్నవి. తామరను చూచినప్పుడు మన దేశపువాని మనస్సు క్షణకాలము పరదేశమున ఉన్న సంగతి మఱచిపోవును. అగడ్త దాటగానే రెండంతస్తుల ద్వారము ఎదురగును. చూచుటకు ప్రాచీనముగా ఉన్నను అందులోని కొయ్య చాలవరకు కొత్తది. 2000 లో అగ్నిప్రమాదమున పాత ద్వారము కాలిపోగా, 2008 లో మరల నిలబెట్టిరి. లోపల దారి తిన్నగా పోదు. పది అడుగులు పోగానే గోడ అడ్డమువచ్చి ప్రక్కకు త్రిప్పును. శత్రువు ఏ మలుపున నిలిచినను పైనుండి బాణమునకో తుపాకికో గురి కావలెనని ఆ యేర్పాటు. ఇప్పుడు ఆ మలుపులలో పసిపిల్లల బండ్లను త్రోయుచు తల్లులు మాత్రము అలసిపోవుచున్నారు.

ఈ కోటను కట్టించినవాడు కురోదా నాగమసా. 1600 లో సెకిగహారా యుద్ధమున ఇతడు తొకుగావా ఇయెయసు పక్షమున నిలిచి గొప్ప సాయము చేసెను. అందులకు ప్రతిఫలముగా చికుజెన్ రాష్ట్రము లభించెను. దాని ఆదాయము 5 లక్షల 20 వేల కోకులని లెక్కించిరి. ఒక మనుష్యునికి ఒక యేటికి చాలిన బియ్యము ఒక కోకు. 1601 లో మొదలుపెట్టి ఏడేండ్లలో, తండ్రి యోషితాకా సలహాతో, కోట పూర్తిచేయించెను. గుట్టకు తన పూర్వులు నివసించిన బిజెన్ సీమలోని ఫుకుఓకా గ్రామము పేరు పెట్టెను. కోటకు నలువదియేడు బురుజులు ఉండెడివని ప్రసిద్ధి. వానిలో దక్షిణపు కట్టు మీదనున్న పొడవైన బురుజు ఒక్కటి మాత్రము తన చోటనే నిలిచినది. దాని పేరు తమోన్ యగురా. నేడున్న కట్టడము 1850 ల నాటి పునర్నిర్మాణము. లోపల పదునారు గదులు. మీద సున్నము, క్రింద నల్లని పలకలు; చూచుటకు కోటకన్న ధాన్యపు కొట్టువలె ఉన్నది.

నాగమసా కోట కట్టుటతో ఇచ్చట రెండు పట్టణములు ఏర్పడెను. నాకా నదికి పడమట కోట నీడలో సాముారాయిల పట్టణమగు ఫుకుఓకా. తూర్పున, కోటకన్న ఎన్నియో వందలయేండ్ల పెద్దదగు వర్తకుల పట్టణము హకతా. 1889 లో రెండింటిని కలిపి ఒక పురపాలకసంఘము చేసినప్పుడు నగరమునకు ఏ పేరు పెట్టవలెనను తగవు పుట్టెను. నగరమునకు ఫుకుఓకా అనియు, ఆ యేడే వచ్చిన రైలు స్టేషనుకు హకతా అనియు పేర్లు నిలిచినవి. నేటికిని ఫుకుఓకాకు పోవు రైలుప్రయాణికుడు హకతాలో దిగవలెను. ఈ రెండు పేర్ల నడుమ నున్న వ్యత్యాసము ఊరక పోలేదు. ఒకటి ద్వారము కాచినవారి పేరు. రెండవది ద్వారము తెఱచి వర్తకము చేసినవారి పేరు.

మలుపులన్నియు ఎక్కి మేము పీఠము కడకు చేరితిమి. పైకి పోవుటకు ఇనుపమెట్లు వేసినారు. పీఠము నడుమ గుంటవలె దిగియున్నది. దానిలో అడుగున పునాదిరాళ్లు, నిన్ననో మొన్ననో స్తంభములను ఊడదీసినట్లు, ఒక్కొక్కటి తన చోట కూర్చున్నది. పైనుండి చూచితిమి: చుట్టును ఇండ్లు, కార్యాలయములు, ఉత్తరమున అఖాతము, దాని నడుమ నీలముగా షికా ద్వీపము. 1784 లో ఆ ద్వీపమున ఒక రైతు పొలములో చిన్న బంగారు ముద్ర దొరకెను. క్రీ. శ. 57 లో చైనా చక్రవర్తి ఈ ప్రాంతపు రాజునకు ఇచ్చినట్లు చైనా చరిత్రగ్రంథమున చెప్పబడిన ముద్ర అదియేనని పండితులు గుర్తించిరి. కురోదా వంశమువారు దానిని రెండు శతాబ్దములు భద్రపరచి 1978 లో నగరమునకు ఇచ్చివేసిరి.

ఈ పీఠము మీద సౌధము నిలిచినదా? 1620 లో పొరుగు ప్రభువైన హొసోకావా తదాఓకి తన కుమారునికి వ్రాసిన లేఖలో, నాగమసా తన కోటలోని సౌధమును, రాతికట్టును విప్పించుచున్నాడను వార్త కలదు. ఆ యేడు తొకుగావా ప్రభుత్వము ఓసాకా కోటను మరల కట్టింపవలెనని ప్రభువులందరి మీద పనిభారము మోపినది. కట్టియున్న దానిని విప్పి ఆ సామగ్రిని అచ్చటికి పంపుట ప్రభుభక్తికి నిదర్శనము. 1646 నాటి పటమున మాత్రము సౌధము లేదు. ఉండి పోయినదని కొందరు, ఎన్నడును లేదని కొందరు వాదించుచున్నారు. నాకు తోచినది ఒకటి. ఉండి విప్పినను, భయముచేత కట్టకయే మానుకొన్నను, కారణము ఒక్కటే. 1615 తరువాత జపానులో ప్రభువుకు శత్రువు ఎదుట నుండుటలేదు. తలపైన, రాజధానిలో ఉన్నాడు. ఎత్తైన సౌధము అతని కన్నులలో పడును. కనుక ఈ ఖాళీపీఠము యుద్ధమున ఓడినవాని గుర్తు కాదు, గెలిచిన పక్షమున ఉండియు తలవంచి బ్రతికినవాని గుర్తు.

అట్లు తలవంచినవారికి ప్రభుత్వము అప్పగించిన పని ఏమో చూడుడు. 1630 లలో జపాను పరదేశముల రాకపోకలను చాలవరకు అరికట్టెను. డచ్చివారికిని చైనీయులకును తెఱచియుంచిన రేవు నాగసాకి ఒక్కటి. దానిని కాచు బాధ్యత 1641 నుండి ఫుకుఓకా, సాగా ప్రభువుల మీద పడెను. ఒక యేడు వీరు, ఒక యేడు వారు. రెండు శతాబ్దములకు పైగా ఈ కోటనుండి సైనికులు పరదేశీయులు లోపలికి రాకుండ చూచుటకు పోవుచుండిరి. అంతకు ముందు మరియొక సంగతి కలదు. 1592 నుండి 1598 వరకు హిదెయోషి కొరియా మీద సాగించిన దండయాత్రలో నాగమసా ఒక సేనాపతి. తిరిగివచ్చునప్పుడు అతని వెంట తేబడిన కొరియా కుమ్మరి ఒకడు చికుజెన్ మన్నుతో పాత్రలు చేసెను. తకతోరి పాత్రలని పేరువడసి, టీ వేడుకలలో పూజ్యస్థానము పొందినవి అవియే. పరదేశి అతిథిగా వచ్చు కాలము పోయి, చెరపట్టబడి వచ్చు కాలము వచ్చెను.

1868 తరువాత కొత్త ప్రభుత్వము ఏర్పడినది. కోటలకు దుర్దశ పట్టినది. ఫుకుఓకా సంస్థానము అప్పులలో మునిగి, కొత్త ప్రభుత్వపు కాగితపు నాణెములను దొంగతనముగా అచ్చువేసి పట్టుబడెను. 1871 లో ప్రభువు పదవి కోల్పోయెను. కోట జిల్లా కచేరి అయ్యెను. 1873 లో అనావృష్టి, బియ్యపు ధర, కొత్త శాసనముల మీద కోపము కలిసి, రైతులు వెదురుబల్లెములు పట్టి లేచి, ఈ కచేరి మీదికి వచ్చి పడిరి. వారి కోపము కచేరితో ఆగలేదు. అంటరానివారుగా ఎంచబడి అప్పుడప్పుడే చట్టము దృష్టిలో సమానులైన పేదల యిండ్లను వేలకొలది తగులబెట్టిరి. ఆకలిచేత లేచిన చేయి తనకన్న దిగువనున్నవాని మీదనే పడుట మన దేశమునకును క్రొత్త కాదు. 1877 లో జీవనము పోగొట్టుకొన్న సామురాయిలు కొందరు తమ ప్రభువు కోట మీదనే దాడిచేసి ఓడిపోయిరి. 1886 లో ఇరువదినాలుగవ పదాతి దళము ఇచ్చట స్థిరపడెను. బురుజులు అమ్ముడుపోయెను, కొన్ని బౌద్ధమఠమునకు తరలిపోయెను. కోట మరల సైనికుల పాలయ్యెను. ఈసారి వారు లోపలికి వచ్చువారిని ఆపుటకు కాదు, బయటికి పోయి ఇతరుల దేశములలో జొరబడుటకు ఉండిరి. చైనా యుద్ధమునకు, రష్యా యుద్ధమునకు ఈ గుట్టనుండి దళములు పోయినవి.

ఈ చోట భారతీయుడు ఒక్క నిమిషము నిలువవలసి యున్నది. ఓడిపోయిన ఆ సామురాయిల అనుచరులు, మిత్రులు 1881 లో ఈ నగరమున గెన్యోషా అను సంఘమును స్థాపించిరి. దానిలో అగ్రగణ్యుడు తోయామా మిత్సురు, ఫుకుఓకా సంస్థానపు సామురాయి బిడ్డ. 1912 లో ఢిల్లీలో వైస్రాయి మీద బాంబు వేయించిన రాస్ బిహారీ బోస్ 1915 లో జపానుకు తప్పించుకొని వచ్చినప్పుడు, బ్రిటిషువారి ఒత్తిడికి లోబడి జపాను ప్రభుత్వము ఆయనను వెళ్లిపొమ్మని ఆజ్ఞాపించెను. అప్పుడు ఆయనను తన యింటినుండి దాటించి, టోక్యోలోని ఒక రొట్టెల దుకాణమువారి యింట దాచుటకు తోడ్పడినవాడు ఈ తోయామాయే. బోసు తరువాత జపాను పౌరుడై, 1945 జనవరిలో టోక్యోలో కన్నుమూసెను. మనము ఈ ఉపకారమును మఱువరాదు. కాని ఉపకారము చేసిన ఆ చేయియే కొరియాను జపాను ఏలుబడిలోనికి తేవలెనని పాటుపడిన చేయి. 1910 లో కొరియా స్వాతంత్ర్యము పోయినప్పుడు సంతోషించినవారిలో ఈ వర్గమువారు ఉండిరి. భారతీయుని అతిథిగా ఆదరించుట, పొరుగువానిని దాసునిగా చేయుట, రెండును ఒకే గృహమున జరిగినవి. ఈ రెండింటిలో ఒకటే చెప్పినచో చరిత్ర కాదు, పొగడ్త అగును లేక నింద అగును.

1945 జూన్ 19 రాత్రి అమెరికా విమానములు ఈ నగరమును కాల్చివేసెను. 900 మందికి పైగా చనిపోయిరి. పశ్చిమ సైన్యపు ప్రధానస్థానము అప్పుడు కోట ఆవరణలోనే ఉండెను. ఆ సైన్యమువారు తమకు చిక్కిన అమెరికా వైమానికులను ఆ జూన్ లోను ఆగస్టులోను విచారణ లేకుండ చంపిరి. యుద్ధానంతరము యోకోహామా న్యాయస్థానమున దీనిని గూర్చి విచారణ జరిగెను. నా మిత్రుడు ఈ మాట చెప్పునప్పుడు స్వరము తగ్గించెను. కాని చెప్పకుండ దాటిపోలేదు.

మేము పీఠము దిగి ఈశాన్యపు దిక్కునకు పోయితిమి. అక్కడ విశాలమైన పచ్చికబయలు. ఒక ముదుసలి ఆ బయలు వైపు తిరిగి బల్ల మీద కూర్చుండెను. నేను భారతదేశమునుండి వచ్చితినని మిత్రుడు చెప్పగా, ఆయన లేచి వంగి నమస్కరించి, ప్రక్కకు జరిగి చోటిచ్చెను.

"తాతగారూ, ఇక్కడ ఏమి చూచుచున్నారు?" అని మిత్రుడు అడిగెను.

"బంతియాట" అని ఆయన నవ్వెను.

యుద్ధము ముగిసిన పిమ్మట సైనికుల బయలును క్రీడారంగముగా మార్చిరి. 1948 లో జాతీయక్రీడోత్సవము ఇచ్చట జరిగెను. చోటుకు 'హేవాదాయి' అని పేరిడిరి. శాంతిపీఠమని దాని యర్థము. 1949 లో బేస్‌బాల్ ఆటకు ప్రత్యేకముగా ఒక ప్రాంగణము కట్టిరి. ఈ ఊరి జట్టు నిషితెత్సు లయన్స్ 1956, 1957, 1958 సంవత్సరములలో వరుసగా మూడుసార్లు టోక్యో జట్టును ఓడించి జపాను విజేత అయ్యెను. మూడవమారు మొదటి మూడు ఆటలు ఓడిపోయి, తరువాతి నాలుగును గెలిచెను. ఆ నాలుగింటిలోను గెలుపు బంతి విసరువాడగు ఇనావో పేర నమోదైనది.

"ఆ యేడు నాకు పది యేండ్లు. టిక్కెట్టుకు డబ్బు లేదు. రాతికట్టు మీది చెట్టెక్కి చూచితిని. బొగ్గుగనులలో పనిచేయువారు రాత్రిపని ముగించి నల్లని మొగములతో వచ్చెడివారు. కాలిన ఊరు అది. మాకు సంతోషించుటకు ఇది యొక్కటే ఉండెను" అని ఆయన చెప్పెను.

"ప్రాంగణము పడగొట్టినప్పుడు బాధ కలిగినదా?" అని నేను అడిగితిని.

ఆయన కొంచెము ఆలోచించెను. "ఏడ్చితిని, బాబూ. తరువాత అడుగున ఏమున్నదో చూపించిరి. అప్పుడు ఊరుకొంటిని" అనెను.

అడుగున ఉన్నది ఏమిటో ఇప్పుడు చెప్పవలెను. ఏడవ శతాబ్దమున జపాను రాజులు ఈ తీరమున ఒక అతిథిశాల కట్టించిరి. త్సుకుషి అతిథిశాల యని దాని పేరు. 688 లో సిల్లా దేశపు రాయబారులకు అందులో విందు చేసినట్లు ప్రాచీన చరిత్రగ్రంథము చెప్పుచున్నది. తొమ్మిదవ శతాబ్దమునుండి దానిని చైనా పద్ధతిలో కోరోకాన్ అనిరి. అట్టివి క్యోటోలో ఒకటి, ఓసాకా ప్రాంతమున ఒకటి, ఇచ్చట ఒకటి, మొత్తము మూడు ఉండెడివి. ఇచ్చటిది దజైఫు అను పశ్చిమ అధికారస్థానము క్రింద ఉండెను. పదునొకండవ శతాబ్దము నడుమ అది అంతరించి, చోటు సైతము మఱవబడెను. 1274 లో మంగోలులు దిగి విడిదిచేసిన అకసాకా ఈ పరిసరములదే. అప్పటికే అతిథిశాల మాట ఎవరికిని తెలియదు. హకతా వీథులలో ఎక్కడనో ఉండెనని తరువాతి పండితులు తలచిరి.

కాదు, కోట లోపలనే యున్నదని చెప్పినవాడు చరిత్రకారుడు కాడు, వైద్యుడు. నకయామా హెయిజిరో క్యూషూ విశ్వవిద్యాలయమున రోగనిదాన శాస్త్రాచార్యుడు. 736 లో సిల్లాకు పోవుచు ఈ అతిథిశాలలో ఆగిన జపాను రాయబారుల పద్యములు మన్యోషు సంకలనమున కలవు. ఆ పద్యములలో అఖాతమునందలి షికా తీరపు ప్రసక్తి, కొండలలో కూయు చిమటల ప్రసక్తి కలవు. సముద్రమును చూచుచు చిమటల మ్రోతయు వినదగిన చోటు, చదునైన హకతాలో లేదు, ఈ గుట్ట మీద కలదని ఆయన తర్కించెను. సైనికుల స్థానమగుటచే సామాన్యునికి అందులో ప్రవేశము లేదు. పండుగనాడు ద్వారము తెఱచినప్పుడు లోపలికి పోయి, ప్రాచీనపు పెంకుముక్కలను ఏరితెచ్చి తన వాదమునకు సాక్ష్యముగా చూపెను. 1920 లలో ఈ వాదమును ప్రకటించెను. రుజువు చేయుటకు త్రవ్వవలెను, త్రవ్వుటకు వీలులేదు. ఆయన 1956 లో మరణించెను. 1987 డిసెంబరులో బంతియాట ప్రాంగణపు మెట్లను బాగుచేయుటకై నేలను త్రవ్వినప్పుడు అతిథిశాల పునాదులు బయటపడినవి. 1997 లో ప్రాంగణమును మూసివేసిరి. 2004 లో ఆ చోటు జాతీయ చారిత్రకస్థలముగా ప్రకటింపబడెను.

త్రవ్విన చోట కొంతభాగము మీద ఒక ప్రదర్శనశాల కట్టినారు. లోపలికి పోయితిమి. నేల త్రవ్వినది త్రవ్వినట్లే ఉన్నది. ప్రక్కన, భవనములో కొంతభాగమును ఎఱ్ఱని స్తంభములతో మరల కట్టి చూపినారు. పెట్టెలలో చైనా దేశపు పచ్చని పాత్రలు, పశ్చిమాసియా నుండి వచ్చిన నీలిపూత మట్టిపాత్రల ముక్కలు, గాజుముక్కలు ఉన్నవి. అతిథుల మరుగుదొడ్ల గుంటలు సైతము దొరకినవి. వానిలోని గింజలను, క్రిములగ్రుడ్లను పరీక్షించి, అతిథులు ఏమి తినిరో పండితులు తెలిసికొనుచున్నారు. రాజులు తమ కీర్తికై చెక్కించిన శాసనములకన్న మరుగుదొడ్డి గుంట నిజము చెప్పుటలో మేలైనదని అనిపించినది.

ఆ 736 సంవత్సరము నన్ను విడిచిపెట్టలేదు. రాయబారులు చిమటల మ్రోత వినుచు పద్యములు చెప్పుకొన్న ఆ యేడే, ఒక భారతీయ భిక్షువు చైనానుండి ఓడలో వచ్చి త్సుకుషిలోని దజైఫు చేరెను. ఆయన బోధిసేనుడు, భరద్వాజ గోత్రపు బ్రాహ్మణుడని జపనీయులు వ్రాసికొనిరి. ఇచ్చటినుండి రాజధాని నారాకు పోయి, 752 లో తోదాయ్‌జీ మహాబుద్ధ విగ్రహమునకు కన్నులు తెఱచు ఉత్సవమును నడిపి, 760 లో ఆ దేశముననే మరణించెను. చేతిలో సైన్యము లేదు, ఓడలో సరకు లేదు. అట్టివాని కొఱకు ఒక దేశము తీరమున అధికారులను నియమించినది, ఇండ్లు కట్టినది, భోజనము పెట్టినది.

ప్రాచీనులందరును ఉదారులనియు తరువాతివారు కఠినులనియు నేను చెప్పుటలేదు. అతిథిశాలలోను అనుమానము ఉండెడిది. వర్తకుడు దిగగానే మేలిసరకును ముందుగా రాజపురుషులు కొనుట నియమము. అనుమతి లేక అతడు అటునిటు పోరాదు. అయినను, తెలియనివాడు తీరమున దిగినప్పుడు మొదటిమాటగా ఏమి చెప్పవలెనను ప్రశ్నకు ఈ గుట్ట ఒకప్పుడు 'భోజనము చేయుము' అని చెప్పినది. తరువాత 'నిలువుము' అని చెప్పినది. ఆ తరువాత తానే పోయి ఇతరుల తీరమున దిగినది. ఈ మూడింటిని ఒకే నేల మీద చూచుట నాకు లభించిన విద్య.

నేడు నగరములో ఖాళీపీఠము మీద సౌధము కట్టవలెనని కోరువారు ఉన్నారు. 2024 వసంతమున చెఱ్ఱిపూల కాలములో పీఠము మీద తాత్కాలికముగా ఇనుప చట్రము నిలిపి, దీపములతో సౌధాకారము చూపిరి. వేలకొలది జనము వచ్చి చూచిరి. ఆ కోరికను నేను పరిహసింపను. యుద్ధమున కాలి, ఆటప్రాంగణము పోగొట్టుకొని, చిత్రపటములలో చూపుకొనుటకు ఒక గోపురము లేని ఊరు తనకొక ముఖము కావలెనని కోరుట సహజమే. మన దేశములోను కూలిన ప్రతి కట్టడము ఎదుట ఇట్టి కోరిక లేచుచున్నది. కాని రూపము తెలియని సౌధమును కట్టినవాడు చరిత్రను కట్టడు, తన కోరికను కట్టును. అదియు కాక, ఈ గుట్టనంతను గట్టికట్టడములతో నింపివేసి యుండినచో అడుగునున్న అతిథిశాల నేటికిని తెలిసెడిది కాదు. కొంతభాగము బయలుగా విడువబడుటచేతనే అది దొరకినది.

సాయంకాలమునకు మేము మరల పీఠము కడకు వచ్చితిమి. చిమటల మ్రోత చెవులు నింపుచుండెను. అఖాతము మీద వెలుగు తగ్గి షికా ద్వీపము నల్లబడినది. బడిపిల్లలు ఇద్దరు ఇనుపమెట్లు దిగుచు, నన్ను చూచి ఆగి, ఒకరినొకరు పొడుచుకొని, కడకు ఒకడు ధైర్యము చేసి, "ఏ దేశమునుండి వచ్చితిరి?" అని అడిగెను. నా మిత్రుడు చెప్పగా వాడు తల వంచి, "మా ఊరికి రండి" అనెను. నేను అప్పటికే వచ్చియున్నానన్న సంగతి వానికి తోచలేదు. దానిని సరిదిద్దుటకు నాకును మనసొప్పలేదు. ఆ నేల మీద మొదట పలికినది ఆ మాటయే కదా.